విస్తరణ కోసం ఎదురుచూసే రోడ్డు: ఆలస్యం ప్రమాదంగా ఎలా మారుతుంది?

2025 నవంబరు 3 ఉదయం రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర లోడుతో వెళుతున్న టిప్పర్, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా ఢీకొన్నాయి. టిప్పర్‌లోని కంకర బస్సులోకి పడి ప్రయాణికులను కప్పేసింది. 19 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఆ ప్రమాదం జరిగిన దారిని స్థానికులు బీజాపూర్ రోడ్డు అంటారు. ఇది 163వ నంబరు జాతీయ రహదారిలో భాగం. హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ జిల్లా మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల ఈ భాగాన్ని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. ఒకపక్క భూసేకరణ, మరోపక్క దారి పొడవునా ఉన్న దాదాపు 900 మర్రిచెట్ల భవితవ్యం. చెట్ల వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ప్రమాదం జరిగే నాటికి వాహనాలు ఇంకా రెండు వరుసల పాత దారి మీదే, మధ్యలో డివైడర్ లేకుండా, ఎదురెదురుగా నడుస్తున్నాయి.

ఆ ఒక్క ప్రమాదానికి కారణం ఎవరో, ఏమిటో తేల్చడం దర్యాప్తు చేసేవారి పని. అయితే దాని వెనుక విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పగల ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇరుకైన రోడ్డు పునర్నిర్మాణం ఆలస్యమయ్యే కొద్దీ అపాయం ఎందుకు పెరుగుతుంది? నిన్నటి రోడ్డే నేడూ ఉన్నప్పుడు ప్రమాదం కూడా నిన్నటంతే ఉండాలి కదా? అలా ఉండదు. వాహనాల సంఖ్య, రోడ్డు పొరల బలం, డ్రైవర్ల ఓపిక, ఈ మూడూ కాలంతో పాటు మారుతుంటాయి. వీటిలో ఏదీ తిన్నని గీతలా పెరగదు, తరగదు.

ఓవర్‌టేక్ లెక్క

రెండు వరుసల రోడ్డులో అతి ప్రమాదకరమైన పని ముందున్న బండిని దాటడం. దానికోసం డ్రైవర్ కాసేపు ఎదుటివారి వరుసను అరువు తీసుకోవాలి. ఎంతసేపు?

ముందు ఒక లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. వెనుక కారు 60 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటాలి. రెండింటి వేగాల మధ్య తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 5.6 మీటర్లు. లారీకి 15 మీటర్ల వెనుక నుంచి పక్కకు వచ్చి, 10 మీటర్ల లారీని దాటి, మళ్లీ 15 మీటర్ల ముందుకు వెళ్లి సొంత వరుసలో చేరాలంటే, కారు పొడవు కూడా కలిపి లారీ కంటే దాదాపు 45 మీటర్లు ఎక్కువ ప్రయాణించాలి. దానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో కారు రోడ్డు మీద దాదాపు 135 మీటర్లు సాగిపోతుంది. ఎదుటి నుంచి అదే వేగంతో వచ్చే వాహనం కూడా 135 మీటర్లు దగ్గరవుతుంది. అంటే 270 మీటర్ల మేర దారి ఖాళీగా ఉంటేనే ఈ పని జరుగుతుంది. కొంత వెసులుబాటు కలుపుకొంటే 300 మీటర్లు కావాలి.

భారత రహదారుల ప్రమాణాలను రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క కూడా ఇదే. గంటకు 60 కిలోమీటర్ల డిజైన్ వేగానికి ఓవర్‌టేక్ చేయడానికి కనిపించాల్సిన దూరం 300 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగానికి 470 మీటర్లు, 100 కిలోమీటర్లకు 640 మీటర్లు.

చేవెళ్ల లాంటి పట్టణం చుట్టుపక్కల దారిలో 300 మీటర్లు ఖాళీగా కనిపించడం అరుదు. మలుపులు, చెట్ల కొమ్మలు, ఆగిన ఆటోలు, రోడ్డెక్కే ట్రాక్టర్లు ఉంటాయి. అన్నిటికీ మించి ఎదురుగా వాహనాలు వస్తూనే ఉంటాయి. రెండు దిశల్లోనూ రద్దీ పెరిగితే ఒకేసారి రెండు సమస్యలు వస్తాయి. నెమ్మదిగా పోయే బండి వెనుక చిక్కుకునే వాహనాలు పెరుగుతాయి కాబట్టి ఓవర్‌టేక్ చేయాలనుకునేవారు ఎక్కువవుతారు. ఎదుటి వరుసలో ఖాళీలు తగ్గుతాయి కాబట్టి దానికి దొరికే అవకాశాలు తక్కువవుతాయి. అవసరం పెరిగి అవకాశం తగ్గినప్పుడు కొందరు 300 మీటర్లు కావలసిన చోట 200 మీటర్లలోనే సాహసం చేస్తారు. రద్దీ రెట్టింపైతే అపాయం రెట్టింపు కంటే ఎక్కువ కావడానికి ఇది ముఖ్యమైన కారణం.

నాలుగు వరుసల రోడ్డు సామర్థ్యం రెండు వరుసల రోడ్డుకు సరిగ్గా రెట్టింపు కాకపోవడానికి కూడా ఇదే కారణం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో రెండు వరుసల రోడ్డు రోజుకు సుమారు 15,000 కార్లకు సమానమైన రద్దీని మోయగలదు. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు 35,000 నుంచి 40,000 దాకా మోయగలదు. దాటడానికి ఎదుటివారి వరుసతో పని లేనప్పుడు ప్రతి వరుసా పూర్తిగా ఉపయోగపడుతుంది.

ఇక్కడ 'కార్లకు సమానమైన' అన్న మాటను గమనించాలి. మన రోడ్ల మీద అన్నీ కార్లే ఉండవు. అందుకే ఇంజనీర్లు ప్రతి వాహనానికీ ఒక విలువ ఇస్తారు. కారుకు 1, మోటారు సైకిలుకు 0.5, లారీకి గానీ బస్సుకు గానీ 3, ట్రైలర్ తగిలించిన ట్రాక్టర్‌కు 4.5. పట్టణం పక్కన కంకర క్వారీలు, ఇటుక బట్టీలు, కూరగాయల మార్కెట్లు ఉంటే వాహనాల సంఖ్య మామూలుగానే కనిపించినా అసలు భారం చాలా ఎక్కువగా ఉంటుంది.

కారణం కనిపించని ట్రాఫిక్ జామ్

పట్టణంలోకి ప్రవేశించాక సమస్య రూపు మారుతుంది. అక్కడ వేగం ఉండదు, బండి కదలడమే కష్టం. దీన్ని అర్థం చేసుకోవడానికి భౌతికశాస్త్రం ఒక సులువైన సూత్రం ఇస్తుంది. ఒక చోటును గంటలో దాటే వాహనాల సంఖ్య, రోడ్డు మీద వాటి సాంద్రతను వేగంతో గుణిస్తే వస్తుంది. సాంద్రత అంటే కిలోమీటరుకు ఎన్ని వాహనాలు ఉన్నాయన్నది. రోడ్డు ఖాళీగా ఉంటే వేగం ఎక్కువే కానీ వాహనాలు తక్కువ. రోడ్డు కిక్కిరిసి ఉంటే వాహనాలు ఎక్కువే కానీ వేగం సున్నా. ఈ రెంటికీ మధ్య ఎక్కడో గరిష్ఠ ప్రవాహం ఉంటుంది. దాన్ని దాటాక ఇంకొక్క వాహనం చేరినా మొత్తం ప్రవాహం పెరగకపోగా తగ్గుతుంది. 1930వ దశకంలోనే అమెరికా ఇంజనీరు బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ ఫొటోలు తీసి వాహనాల సాంద్రతకూ వేగానికీ ఉన్న ఈ సంబంధాన్ని లెక్కగట్టాడు.

ఆ గరిష్ఠ స్థాయి దగ్గర రోడ్డు అస్థిరంగా ఉంటుంది. 2008లో జపాన్ పరిశోధకులు దీన్ని ఒక ప్రయోగంలో చూపించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వృత్తాకార దారిలో 22 కార్లను పెట్టి, అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సమాన దూరంలో నడపాలని చెప్పారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డొచ్చే మనిషి లేడు. అయినా కొద్దిసేపటికే జామ్ ఏర్పడింది. ఒకరు కాస్త బ్రేక్ నొక్కితే వెనుకవారు ఇంకాస్త గట్టిగా నొక్కారు, ఆ వెనుకవారు పూర్తిగా ఆగిపోయారు. ఆ జామ్ ఒక అలలా గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి ప్రయాణించింది.

ఏ ఆటంకమూ లేని వృత్తంలోనే ఇలా జరిగితే, మన పట్టణం సెంటర్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రోడ్డు మీదే ఆగే బస్సు, గుంతను తప్పించుకోవడానికి పక్కకు తిరిగే బైకు, దుకాణం ముందు సరుకు దించే లారీ, ఇలా ప్రతి ఒక్కటీ ఒక కొత్త అలకు మొదలు. విస్తరణ కోసం ఎదురుచూసే రోడ్డు చాలా కాలంగా ఈ గరిష్ఠ స్థాయి అంచునే ఉంటుంది. అందుకే చిన్న కారణానికే గంటల తరబడి స్తంభిస్తుంది. ఆ జామ్ నుంచి బయటపడిన డ్రైవర్, పోయిన సమయాన్ని ఊరు దాటాక రెండు వరుసల దారిలో రాబట్టుకోవాలని చూస్తాడు. పట్టణంలోని రద్దీ ఇలా పట్టణం బయటి వేగంగా, ప్రమాదంగా మారుతుంది.

మర్రిచెట్టు, భూమి, కాగితం

పునర్నిర్మాణం ఎందుకు ఆలస్యమవుతుందన్న ప్రశ్నకు తరచూ వినిపించే జవాబు నిర్లక్ష్యం. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. కానీ ఒక రోడ్డు వెడల్పు కావడానికి ఎన్ని పనులు ఒకదాని తర్వాత ఒకటి జరగాలో చూస్తే ఆలస్యం స్వభావం కొంత అర్థమవుతుంది.

1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం ముందుగా భూమి తీసుకోవాలన్న ఉద్దేశాన్ని ప్రకటించాలి. అభ్యంతరాలు వినాలి. ఏడాదిలోగా తుది ప్రకటన ఇవ్వాలి, లేకపోతే మొదటి ప్రకటన చెల్లదు, మళ్లీ మొదటికి రావాలి. ఆ తర్వాత నష్టపరిహారం నిర్ణయించి, డబ్బు జమ చేసి, భూమిని స్వాధీనం చేసుకోవాలి. పొలం గుండా పోయే కిలోమీటరుకు పది మంది యజమానులుంటే, పట్టణం గుండా పోయే కిలోమీటరుకు వందల మంది ఉండవచ్చు. ఒక్కో దుకాణానికీ ఒక్కో పత్రం, ఒక్కో వారసత్వ వివాదం. ఆలస్యమయ్యే కొద్దీ రోడ్డు పక్క స్థలాల ధర పెరుగుతుంది, కొత్త కట్టడాలు వస్తాయి, పరిహారం భారం పెరుగుతుంది. అంటే ఆలస్యమే మరో ఆలస్యానికి కారణమవుతుంది.

భూమి చేతికొచ్చాక విద్యుత్ స్తంభాలు, తాగునీటి పైపులు, మురుగు కాలువలు, టెలిఫోన్ కేబుళ్లు మార్చాలి. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో శాఖది. ఒక గొలుసులో వేగంగా జరిగే పది పనుల కంటే నెమ్మదిగా జరిగే ఒక్క పనే మొత్తం సమయాన్ని నిర్ణయిస్తుంది. 46 కిలోమీటర్లలో 44 కిలోమీటర్లు సిద్ధంగా ఉన్నా, మిగిలిన 2 కిలోమీటర్లు పట్టణం నడిబొడ్డులోనే ఉంటే ప్రమాదాలు, జామ్‌లు అక్కడే కొనసాగుతాయి.

బీజాపూర్ రోడ్డులో దీనికి మర్రిచెట్ల ప్రశ్న తోడైంది. దీన్ని చెట్లకూ ప్రాణాలకూ మధ్య పోటీగా చూడటం తేలిక, కానీ అది సరికాదు. మర్రి కేవలం నీడనిచ్చే చెట్టు కాదు. పక్షులు, గబ్బిలాలు, కీటకాలు దాని పండ్ల మీద ఆధారపడతాయి. వేసవిలో ఎండ నేరుగా తగిలే తారు 60 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి మెత్తబడుతుంది, చెట్ల నీడ ఆ వేడిని తగ్గిస్తుంది. ఇంకోవైపు, రోడ్డు అంచున ఉన్న లావాటి మాను అదుపు తప్పిన వాహనానికి కదలని గోడ లాంటిది. ఈ రెండూ నిజాలే.

ఇంజనీరింగ్‌లో దీనికి మధ్యేమార్గాలు ఉన్నాయి. ఒకటి, రోడ్డును రెండు పక్కలా సమానంగా వెడల్పు చేయకుండా ఒకవైపే విస్తరించడం. పాత రోడ్డు ఒక దిశకు, చెట్ల వరుస అవతల వేసే కొత్త రోడ్డు రెండో దిశకు ఉపయోగపడతాయి. చెట్లు డివైడర్ భాగంలోకి వస్తాయి. వాటి ముందు ఉక్కు రక్షణ కంచె పెడితే ఎదురెదురు ఢీకొనే అపాయం పోతుంది, చెట్లూ నిలుస్తాయి. దీనికి ఒకే వైపు ఎక్కువ భూమి కావాలి. రెండోది, తప్పనిసరైన చోట చెట్టును వేళ్లతో సహా తరలించడం. కొమ్మల నుంచి ఊడలు దించి కొత్త వేళ్లు వేసుకోగల స్వభావం వల్ల మర్రి జాతికి తరలింపును తట్టుకునే శక్తి చాలా చెట్ల కంటే ఎక్కువ. అయినా తర్వాత నీరు, సంరక్షణ లేకపోతే అదీ బతకదు. ఏ మార్గమైనా ప్రతి చెట్టునూ లెక్కించి, కొలిచి, రోడ్డు నమూనాతో కలిపి చూడాలి. ఈ పని ప్రాజెక్టు మొదట్లోనే జరిగితే నెలల్లో తేలుతుంది. నమూనా ఖాయమయ్యాక వివాదంగా మొదలైతే ఏళ్లు పడుతుంది.

నాలుగో ఘాతం

ఈ ఏళ్లలో పాత రోడ్డుకు ఏమవుతుంది? 'ఎలాగూ కొత్త రోడ్డు వేస్తారు కదా' అన్న ఆలోచనతో పెద్ద మరమ్మతులు వాయిదా పడతాయి. గుంతలు పూడ్చడం మాత్రమే జరుగుతుంది. అదే సమయంలో దాని మీద భారం పెరుగుతూ ఉంటుంది. రద్దీ ఏటా 7 శాతం పెరిగితే అయిదేళ్లలో 40 శాతం, పదేళ్లలో దాదాపు రెట్టింపు అవుతుంది.

బరువు సంగతి ఇంకా తీవ్రమైనది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక భారీ ప్రయోగం జరిగింది. ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద వేర్వేరు బరువుల లారీలను రెండేళ్ల పాటు తిప్పి, ఏ రోడ్డు ఎప్పుడు పాడవుతుందో కొలిచారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం దాదాపు ఆ బరువు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందని తేలింది. అంటే ఇరుసు మీద 20 శాతం అదనపు బరువు వేస్తే నష్టం రెట్టింపవుతుంది. 50 శాతం అదనంగా వేస్తే నష్టం అయిదు రెట్లు. ఓవర్‌లోడ్ టిప్పర్ ఒక్కసారి వెళితే, నిబంధనల ప్రకారం నిండిన టిప్పర్ అయిదుసార్లు వెళ్లినట్టు. కార్లు, బైకులు రోడ్డును పాడుచేయడంలో వాటా దాదాపు ఏమీ లేనట్టే.

బరువు వల్ల తారు పొరలో సన్నటి పగుళ్లు వస్తాయి. వానాకాలంలో నీరు వాటిగుండా కిందికి దిగి కంకర, మట్టి పొరలను మెత్తబరుస్తుంది. చక్రం పైనుంచి వెళ్లినప్పుడు ఆ నీరు ఒత్తిడికి లోనై సన్నటి మట్టిని పైకి చిమ్ముతుంది. పొర కింద ఖాళీ ఏర్పడి తారు లోపలికి కుంగుతుంది. అదే గుంత. గుంత అంచున పడే ప్రతి చక్రం దెబ్బ దాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. కాబట్టి రోడ్డు మొదట చాలా కాలం బాగానే కనిపించి, చివర్లో హఠాత్తుగా పాడైనట్టు అనిపిస్తుంది. పట్టణాల్లో మురుగు కాలువ సరిగా లేకపోతే ఈ చివరి దశ ఇంకా ముందే వస్తుంది.

రోడ్డు అంచు కూడా ఇలాగే అరుగుతుంది. తారు అంచుకూ పక్కన మట్టికీ మధ్య బెత్తెడు ఎత్తు తేడా వస్తే, ఎదుటి బస్సుకు దారి ఇవ్వడానికి పక్కకు దిగిన బైకు మళ్లీ పైకి ఎక్కలేక జారిపడుతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. ఉక్కు రక్షణ ఏమీ లేని ఈ రెండు వర్గాలే మరణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు.

ఢీకొన్నప్పుడు

ఎదురెదురు ప్రమాదాల్లో మరణాలు ఎందుకు ఎక్కువో ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం చెబుతుంది. ఉదాహరణకు 30 టన్నుల లారీ, 15 టన్నుల బస్సు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకుందాం. రెండూ కలిసి లారీ దిశలో గంటకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. లారీ వేగంలో వచ్చిన మార్పు 33 కిలోమీటర్లు. బస్సు మాత్రం 50 నుంచి సున్నాకు వచ్చి, అక్కడితో ఆగక 17 కిలోమీటర్లు వెనక్కి నెట్టబడుతుంది. మార్పు మొత్తం 67 కిలోమీటర్లు. బస్సులో ఉన్నవారికి దెబ్బ లారీలో ఉన్నవారికంటే రెట్టింపు. ఇది కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. అదే బైకు అయితే తేడా ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

లోడు విషయం దీనికి అదనం. టిప్పర్ ఆగినా అందులోని కంకర ఆగదు, జడత్వం వల్ల అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. కంకరను నేల మీద కుప్ప పోస్తే దాని వాలు సుమారు 35 నుంచి 40 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. వాహనం అంతకు మించి ఒరిగితే కంకర ఘన పదార్థంలా ఉండదు, నీటిలా ప్రవహిస్తుంది. ఎత్తుగా నింపి, టార్పాలిన్ కూడా కట్టని లోడు మరింత ప్రమాదకరం.

విశేషమేమిటంటే, నాలుగో ఘాతం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. ఒక రోడ్డు మీద వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అపాయం సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ వేర్వేరు వేగ పరిమితుల అనుభవాల నుంచి రూపొందించిన సంబంధం. ఇదే లెక్కను తిరగేస్తే, సగటు వేగం 5 శాతం తగ్గితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు అయిదో వంతు తగ్గుతాయి. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర 5 శాతం అంటే కేవలం 3 కిలోమీటర్లు. చేవెళ్ల నుంచి అప్పా జంక్షన్ దాకా ప్రయాణంలో దీనివల్ల పోయేది రెండు నిమిషాల లోపే.

కొత్త రోడ్డు వస్తే అంతా సవ్యమేనా?

వెడల్పు చేయగానే రోడ్డు సురక్షితం కాదు. డివైడర్ వల్ల ఎదురెదురు ఢీకొనడం తగ్గుతుంది, కానీ వేగం పెరుగుతుంది. అంతకుముందు రెండు వరుసలు దాటి బడికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు నాలుగు వరుసలు దాటాలి. యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే రైతు ట్రాక్టర్‌ను, బైకును ఎదురు దారిలోనే నడుపుతాడు. అది అతని తప్పే, కానీ దారిని అలా గీసిన నమూనా తప్పు కూడా. లైటు, హెచ్చరిక లేకుండా హఠాత్తుగా మొదలయ్యే డివైడర్ రాత్రివేళ ప్రాణాంతకం. అందుకే నమూనా దశలోనే, నిర్మాణంలో, ప్రారంభానికి ముందు వేరే నిపుణులు భద్రతా తనిఖీ చేయాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పట్టణం వెలుపల బైపాస్, పట్టణం లోపల సర్వీసు రోడ్లు, పాదచారులు దాటే చోట వేగాన్ని తగ్గించే ఎత్తైన క్రాసింగ్‌లు ఉంటేనే విస్తరణ ఫలితం దక్కుతుంది.

పనులు జరిగే కాలం మరో గండం. సగం తవ్విన రోడ్డు, మలుపు తిప్పే ఇసుక బస్తాలు, చీకట్లో కనిపించని గొయ్యి మన పట్టణాలకు కొత్త కాదు. పనులు జరిగే చోట హెచ్చరిక బోర్డులు, రాత్రి మెరిసే గుర్తులు, తాత్కాలిక వేగ పరిమితి ఎలా ఉండాలో చెప్పే ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. పని మధ్యలో ఆగిపోతే ఈ ఏర్పాట్లన్నీ ముందుగా మాయమవుతాయి, గొయ్యి మాత్రం మిగిలిపోతుంది.

ఎదురుచూసే కాలంలో ఏం చేయవచ్చు?

పూర్తి పునర్నిర్మాణానికి ఏళ్లు పట్టవచ్చు. కానీ ప్రమాదాలను తగ్గించే పనులన్నింటికీ భూసేకరణ అక్కర్లేదు. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2016 నుంచి ప్రతి ప్రమాదాన్నీ విశ్లేషించి, లోపమున్న చోట రక్షణ కంచెలు, గుర్తులు, పోలీసు నిఘా, వేగంగా అందే వైద్యం లాంటి చర్యలను ఒక పద్ధతిలో అమలు చేశారు. కొన్నేళ్లలోనే మరణాలు సగానికి పైగా తగ్గాయి. స్వీడన్ 1998 నుంచి తన 13 మీటర్ల రోడ్లను మూడు వరుసలుగా మార్చి, మధ్యలో ఉక్కు తీగల కంచె కట్టింది. ఒకవైపు కాసేపు రెండు వరుసలు, తర్వాత రెండోవైపు రెండు వరుసలు. ఓవర్‌టేక్ అవకాశం అందరికీ వంతులవారీగా దొరుకుతుంది, ఎదుటి వరుసలోకి వెళ్లే వీలే ఉండదు. కొత్త భూమి పెద్దగా అవసరం లేకుండానే ఆ దారుల్లో మరణాలు దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

రెండు వరుసల మన దారులకు అంత వెడల్పు ఉండకపోవచ్చు. అయినా మలుపుల దగ్గర, ఊళ్ల దగ్గర మధ్య గీత వెంట వంగే ప్లాస్టిక్ స్తంభాలు పెట్టవచ్చు. చక్రం గీత దాటగానే గరగర శబ్దం చేసే పట్టీలు వేయవచ్చు. తారు అంచు పక్కన మట్టి నింపి సమం చేయవచ్చు. బస్సులు రోడ్డు దిగి ఆగేందుకు చోటు, కూడళ్లలో దీపాలు ఏర్పాటు చేయవచ్చు. క్వారీల దగ్గరే టిప్పర్లను తూకం వేసి, టార్పాలిన్ లేనివాటిని ఆపవచ్చు. వీటిలో చాలా పనులు ఒక వేసవిలో పూర్తయ్యేవే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి కూడా ఒక కొలమానం ఉంది. సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలు మిగిల్చిన 5 ప్రమాదాలు జరిగినా, లేదా 10 మంది చనిపోయినా, కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్వచనం ప్రకారం అది బ్లాక్ స్పాట్. అయితే ఈ గుర్తింపు ప్రాణాలు పోయాకే వస్తుంది. ఓవర్‌టేక్‌కు కావలసిన 300 మీటర్లు కనిపించని ప్రతి మలుపునూ, అంచు తెగిన ప్రతి చోటునూ ముందే కొలిచి గుర్తిస్తే ఆ లెక్క నిండేదాకా ఆగనవసరం లేదు.

విస్తరణ ఫైలులో భూమి విలువ ఉంటుంది, చెట్ల సంఖ్య ఉంటుంది, పెరిగిన అంచనా వ్యయం ఉంటుంది. ఎదురుచూసిన ప్రతి ఏడాదీ పాత రోడ్డు మీద పోయే ప్రాణాల లెక్క సాధారణంగా అందులో ఉండదు. ఆ లెక్క కూడా పక్కన రాస్తే, పాత రోడ్డును బాగుచేయడం వృథా ఖర్చు అన్న వాదన నిలబడదు. కొత్త రోడ్డు ఎప్పుడు వస్తుందో తేలేలోగా గంటకు ఆ 3 కిలోమీటర్ల వేగం తగ్గించడం మాత్రం రేపు ఉదయం నుంచే మొదలుపెట్టవచ్చు.